నొప్పి లేని కాలికే తొందర ఎక్కువ

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. మా ఆయనకు 38 ఏళ్లు. సొంత ట్రాక్టర్ కిరాయికి నడుపుతారు. ఏడాదిగా ఎడమ గజ్జల్లో నొప్పి. మొదట్లో నడుం నొప్పి అనుకుని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్లు వేయించుకున్నారు. ఇప్పుడు కుంటుతున్నారు. మూడు నెలల కింద హన్మకొండలో ఎంఆర్‌ఐ తీయిస్తే రెండు తుంటి కీళ్లలోనూ ఏవీఎన్ అన్నారు. ఎడమ వైపు మూడో స్టేజ్, కుడి వైపు రెండో స్టేజ్ అట. ఎడమ కీలు మార్చాలి, కుడి వైపు డ్రిల్లింగ్ చేయాలి అని డాక్టర్ చెప్పారు. కుడి కాలు అసలు నొప్పే లేదు, దానికి ఆపరేషన్ ఎందుకని మా ఆయన అంటున్నారు. ఈ వయసులో కీలు మారిస్తే పదేళ్లకే పాడవుతుందని మా బావగారు భయపెడుతున్నారు. యాసంగి నాట్ల పని మీదున్నాం, వరికోతలు అయ్యేదాకా ఆగొచ్చా? తర్వాత ట్రాక్టర్ నడపగలరా, కింద కూర్చోగలరా? రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ తాగుతారు, దానికీ దీనికీ సంబంధం ఉందా? మా పిల్లలకు కూడా వస్తుందా?
– ఒక సోదరి, హన్మకొండ జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటిలో ముందు తేల్చాల్సింది కుడి కాలి సంగతి. మీ ఆయన దాన్నే పక్కన పెట్టేశారు. ఎడమ కీలు కొన్ని నెలలు ఆగినా, ఆ కీలు వరకు కొత్తగా పోయేది తక్కువ. కుడి కీలు మాత్రం ఆగే పరిస్థితిలో లేదు. వినడానికి తలకిందులుగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతికి రక్తం తెచ్చే నాళాలు చాలా సన్నవి. ఎముక మెడ వెంట పాకుతూ పైకి వెళ్తాయి. అవి మూసుకుపోతే రక్తం ఇంకో దారిలో చేరడానికి అక్కడ పెద్దగా వీలు లేదు. మద్యం వల్ల, స్టెరాయిడ్ల వల్ల ఎముక లోపలి కొవ్వు కణాలు ఉబ్బుతాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది, సన్న నాళాల్లో రక్తం ఆగిపోతుంది. ఆ భాగంలో ఎముక చచ్చిపోతుంది. ఏవీఎన్ అంటే ఇదే.

ఎముక చచ్చిపోయిన రోజు మనిషికి ఏమీ తెలియదు. చచ్చిన ఎముక కూడా కొన్నాళ్లు బరువు మోస్తుంది. ఆ తర్వాత శరీరం దాన్ని కొంచెం కొంచెంగా తీసేసి కొత్త ఎముక కట్టడానికి చూస్తుంది. తీసేయడం తొందరగా జరుగుతుంది, కట్టడం నిదానంగా సాగుతుంది. ప్రమాదమంతా ఈ మధ్యకాలంలోనే. పందికొక్కులు కింద మట్టి తోడేసిన గచ్చు చూసే ఉంటారు. పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, ఒక రోజు గట్టిగా అడుగు పడితే కుంగిపోతుంది. తుంటి బంతి కూడా అలాగే కుంగుతుంది. కుంగాక మళ్లీ గుండ్రంగా చేసే మందు లేదు, సొట్టపోయిన బంతి తిరిగినకొద్దీ గిన్నె కూడా అరిగిపోతుంది.

రెండో స్టేజ్ అంటే ఎముక చచ్చింది, బంతి మాత్రం ఇంకా గుండ్రంగానే ఉంది. మూడో స్టేజ్ అంటే కుంగడం మొదలైంది. ఎడమ వైపు ఆ గీత దాటింది. కుడి వైపు ఇంకా దాటలేదు. సొంత కీలును కాపాడుకునే ఆపరేషన్లు దాదాపు అన్నీ ఆ గీతకు ఇవతలే పని చేస్తాయి. మీ ఆయన కుడి తుంటికి ఆ అవకాశం ఇప్పుడు ఉంది, ఆరు నెలల తర్వాత ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. నొప్పి లేకపోయినా ఎంఆర్‌ఐలో బయటపడ్డ తుంటి కీళ్లలో సగానికి పైగా తర్వాత నొప్పికో, కుంగడానికో దారితీస్తాయి. దెబ్బ తగలకుండా వచ్చే ఏవీఎన్ రెండు వైపులా రావడం కూడా మామూలే. నొప్పి ఉన్న వైపు ఒక్కటే ఎక్స్‌రే తీసి పంపకుండా రెండు వైపులా ఎంఆర్‌ఐ తీయించిన డాక్టర్ మీకు మంచే చేశారు.

అలాగని నొప్పి లేని ప్రతి తుంటికీ డ్రిల్లింగ్ అవసరం లేదు. చచ్చిన భాగం బంతిలో 15 శాతం కంటే తక్కువై, బరువు పడని లోపలి పక్కన ఉంటే, మధ్యమధ్యలో ఎంఆర్‌ఐ తీస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు. అది 30 శాతం దాటి, సరిగ్గా బరువు పడే పైభాగంలో ఉంటే డ్రిల్లింగ్ చేసినా నిలబడే అవకాశం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లకు దాని వల్ల మేలు ఎక్కువ. మీరు స్టేజ్ రాశారు కానీ సైజు రాయలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు మాటలు అడగండి: కుడి వైపు ఎంత భాగం పోయింది, అది బరువు పడే చోటేనా, బంతి ఇంకా గుండ్రంగానే ఉందా. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు, ఎంఆర్‌ఐ సీడీ, ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. రిపోర్టులో కుడి వైపు 'మ్యారో ఎడిమా' అని రాసి ఉంటే, అంటే ఎముక లోపల నీరు చేరిందని ఉంటే, ఇంకా త్వరపడాలి. కుంగడానికి ముందు అది తరచుగా కనిపించే గుర్తు. ఎంఆర్‌ఐ తీసి మూడు నెలలు అయింది కాబట్టి ఆపరేషన్‌కు ముందు కొత్త ఎక్స్‌రే తీయించమని మీరే అడగండి. మామూలుగా తీసే ఎక్స్‌రేతో పాటు మోకాలు మడిచి, తొడ పక్కకు తెరిచి తీసే ఎక్స్‌రే కూడా కావాలి. చిన్న కుంగుడు ముందు అందులోనే దొరుకుతుంది.

డ్రిల్లింగ్ అనే మాట వింటే భయం వేస్తుంది. ఆపరేషన్ మాత్రం చిన్నదే. డాక్టర్లు కోర్ డీకంప్రెషన్ అంటారు. నడుముకు మత్తు ఇచ్చి, తొడ పక్కన చిన్న గాటు పెట్టి, సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూసుకుంటూ సన్నని తీగను ఎముక మెడ గుండా బంతిలోని చచ్చిన భాగం దాకా పంపుతారు. తీగ సరైన చోట ఉందని రెండు కోణాల్లో చూసుకున్నాక, దాని మీదుగా 8 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తారు. కొందరు డాక్టర్లు దానికి బదులు 3 మిల్లీమీటర్ల సన్న రంధ్రాలు రెండు మూడు వేస్తారు. లోపలి ఒత్తిడి దిగుతుంది, కొత్త రక్తనాళాలు పాకడానికి దారి దొరుకుతుంది. నడుం పక్క ఎముకలోంచి మూలుగ తీసి, చిక్కబరిచి ఆ రంధ్రంలో నింపడం కూడా ఇప్పుడు చాలా చోట్ల చేస్తున్నారు. స్టెమ్ సెల్ చికిత్స అని ప్రచారం చేసేది చాలాసార్లు ఇదే. దీనివల్ల కొంత ఉపయోగం ఉందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. కుంగిపోయిన ఎడమ కీలు కూడా దీంతోనే బాగవుతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అసలు జాగ్రత్త ఇంటికి వచ్చాకే. రంధ్రం పడిన ఎముక కొన్ని వారాలు బలహీనంగా ఉంటుంది, జారి పడితే అక్కడే విరగొచ్చు. దాదాపు ఆరు వారాలు వాకర్‌తోనో చంక కర్రలతోనో నడవాలి, ఆ కాలి మీద పూర్తి బరువు వేయకూడదు. నొప్పి లేదు కదా అని మూడో వారంలో కర్రలు మూల పెట్టేసి పొలం గట్టు ఎక్కినవాళ్లతోనే మాకు చిక్కు వస్తుంది. మీ ఆయన మీద నాకున్న దిగులు కూడా అదే. ఇంత చేసినా కొందరికి బంతి కుంగుతుంది, అది ముందే తెలిసి ఉండాలి. అప్పుడు కీలు మార్చుకునే దారి ఎలాగూ ఉంటుంది, డ్రిల్లింగ్ దానికి అడ్డు రాదు.

ఇక ఎడమ వైపు. కుంగిన బంతికి కూడా కాలిపిక్క పక్క ఎముకను రక్తనాళంతో సహా తెచ్చి అతికించడం, బంతిని తిప్పి మంచి భాగం మీద బరువు పడేలా ఎముక కోసి అమర్చడం లాంటి ఆపరేషన్లు ఉన్నాయి. జపాన్‌లో రెండోదాన్ని బాగా చేశారు. అవి కష్టమైన పనులు, చెయ్యి తిరిగినవాళ్లు కొద్దిమందే. కోలుకోవడానికీ నెలలు పడుతుంది. 38 ఏళ్ల వయసులో, నిజంగా కుంగిపోయిన తుంటికి, ఈ చుట్టుపక్కల నమ్మకంగా ఫలితం ఇచ్చేది పూర్తి కీలు మార్పిడే అని నా అభిప్రాయం.

మీ బావగారి మాట పాతకాలపు కీళ్లకు కొంత నిజం. నేటి తుంటి మార్పిడికి దారి వేసిన ఆపరేషన్‌ను 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి ప్లాస్టిక్ గిన్నె అరుగుదలే పెద్ద సమస్యగా ఉండేది. ఇప్పుడు వాడే క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ చాలా తక్కువ అరుగుతుంది. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, మార్చిన తుంటి కీళ్లలో 100కి సుమారు 58 కీళ్లు 25 ఏళ్లు నిలిచాయి. ఆ లెక్కలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు, మీ ఆయనలా రోజంతా పని చేసేవాళ్లు కాదు. కాబట్టి జీవితంలో ఇంకోసారి మార్చాల్సి రావచ్చు, రెండోసారి ఆపరేషన్ మొదటిదానికంటే పెద్దది. ఈ మాట ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. కానీ పదేళ్లకే పాడవుతుందని భయపడి, పని చేసే వయసంతా కుంటుతూ గడపమని నేను చెప్పను. ఈ వయసువాళ్లకు సాధారణంగా సిమెంట్ లేని టైటానియం కీలు వేస్తారు, దాని గరుకు పొర మీదికి సొంత ఎముక పాకి పట్టుకుంటుంది. సిరామిక్ బంతి, క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ గిన్నె కలిపి అడగండి. బంతీ గిన్నే రెండూ లోహంవి ఉండే రకం వద్దు. వాటిలో ఒక రకాన్ని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఎడమ కీలు ఆగగలదని పైన అన్నాను. ఎలాగూ మార్చాల్సిన కీలు కాబట్టి నొప్పి భరించగలిగినంత కాలం ఆగొచ్చు. అయితే ఆ కాలు కుంటినప్పుడల్లా బరువు కుడి కాలి మీద పడుతుంది, మనం కాపాడాలనుకుంటున్నది సరిగ్గా దాన్నే. ఆగిన కాలమంతా నొప్పి బిళ్లలు మింగుతూ, పైన మద్యం తాగితే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అందుకే మత్తు డాక్టర్ సరేనంటే రెండూ ఒకేసారి చేయించడమే నాకు మేలనిపిస్తుంది. సిమెంట్ లేని కొత్త కీలు మీద మామూలుగా మరుసటి రోజు నుంచే బరువు వేయనిస్తారు, కుడి కాలికి విశ్రాంతి ఇచ్చే ఆరు వారాలు కొత్త ఎడమ కాలు మోస్తుంది. ముందు కుడి వైపు ఒక్కటే చేయిస్తే ఆ ఆరు వారాలూ కుంగిన ఎడమ కాలి మీద నిలబడాలి, అది నరకం. డబ్బు కుదరకపోతేనే అలా విడదీయండి. ఎటు చూసినా ఈ యాసంగికి ట్రాక్టర్ మీద డ్రైవర్‌ను పెట్టుకోక తప్పదు. ఇప్పుడే చేయిస్తే కోతల నాటికి మూడు నెలలు దగ్గర పడతాయి.

మందు సంగతి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. వారానికి లెక్క కడితే దాదాపు 540 మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాల్. ఏవీఎన్ మీద పని చేసే ఆర్కో అనే అంతర్జాతీయ బృందం 2019లో పెట్టిన హద్దు వారానికి 400 మిల్లీలీటర్లు. అంతకు మించి ఆరు నెలలు తాగినవాళ్లకు ఏవీఎన్ వస్తే మద్యం వల్ల వచ్చినట్టు లెక్కిస్తారు. 'రోజూ ఒక్క క్వార్టరే కదా' అనే మాట ఊళ్లలో ఎంత మామూలుగా వినిపిస్తుందో నాకు తెలుసు, కానీ ఆ ఒక్క క్వార్టరే హద్దు దాటిస్తోంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజక్షన్ల పేరు కనుక్కోండి. 'డెక్సా' అనే స్టెరాయిడ్ అని తేలితే, రెండు మిల్లీలీటర్ల ఒక సీసాలో 8 మిల్లీగ్రాములు ఉంటుంది. అది ప్రెడ్నిసలోన్ అనే ఇంకో స్టెరాయిడ్ లెక్కన 50 మిల్లీగ్రాములకు పైనే. నాలుగైదు ఇంజక్షన్లతో ఎముక చచ్చిపోతుందని నేను అనను. నెలల తరబడి అలవాటుగా వేస్తే, పైగా రోజూ మద్యం ఉంటే, ముప్పు పెరుగుతుంది. నొప్పి గజ్జల్లో ఉన్నా నడుం నొప్పి అనుకుని ఏడాది పోగొట్టుకోవడం మన దగ్గర తరచుగా జరుగుతోంది. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా గజ్జల్లో నొప్పి పుట్టి తొడ మీదుగా మోకాలికి దిగుతుంటే, కాలు లోపలికి తిప్పినప్పుడు పట్టేస్తుంటే, నడుం ఒక్కటే కాదు, తుంటి కూడా చూపించుకోండి.

ఇది మాత్రం మరిచిపోవద్దు. ఆయన రోజూ ఎంత తాగుతారో మత్తు డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బంధువుల ముందు సిగ్గుపడి 'అప్పుడప్పుడు' అని చెప్తే, ఆపరేషన్ అయిన రెండో మూడో రోజు మద్యం అందక చేతులు వణకడం, మతి తప్పి మాట్లాడటం, మంచం దిగి పరుగెత్తడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. కొత్త కీలు జారిపోయేది అలాంటప్పుడే. ముందే తెలిస్తే మందులిచ్చి నెమ్మదిగా మాన్పిస్తారు. నాలుగు వారాల ముందే బీడీ, సిగరెట్ మానాలి. పళ్లలో చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, బురదలో పని చేసి పగిలిన మడమల్లో పుండ్లు ఉంటే ముందు అవి మానాలి. లేకపోతే కొత్త కీలుకు చీము పట్టే ప్రమాదం ఉంది. అలా పట్టే అవకాశం తక్కువే, పడితే మాత్రం కీలు తీసేయాల్సి రావచ్చు.

ట్రాక్టర్ నడపొచ్చు. క్లచ్ ఎడమ కాలితోనే తొక్కాలి, దాని బరువు కారు క్లచ్‌లా ఉండదు. మూడు నెలల దాకా ముట్టుకోవద్దు, అప్పుడూ డాక్టర్ చూసి సరేనన్నాకే. ఎక్కేటప్పుడు మెట్టు మీద కాలు పెట్టి నిదానంగా ఎక్కాలి, పైనుంచి ఒక్క దూకు దూకడం ఇక ఎప్పటికీ లేదు. వడ్ల బస్తాలు మోయడం కూడా లేదు. మొదటి మూడు నెలలు తుంటిని 90 డిగ్రీల కంటే ఎక్కువ వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పడుకున్నప్పుడు రెండు కాళ్ల మధ్య దిండు ఉండాలి. కింద సక్లముక్లం పెట్టుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మానడమే క్షేమం. తర్వాత కొందరు కూర్చుంటారు కానీ నేను ప్రోత్సహించను. ఇంటికి తెచ్చే ముందే వెస్టర్న్ కమోడ్ కట్టించండి, లేదంటే మెడికల్ షాపులో దొరికే కమోడ్ కుర్చీ అయినా తెచ్చిపెట్టండి. నులక మంచం కుంగుతుంది కాబట్టి దాని బదులు గట్టి మంచం వేయండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేని విషయం. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి కార్డుతో వెళ్లి, మీ రెండు ఆపరేషన్లూ ఆ ఆసుపత్రిలో పథకం కిందికి వస్తాయా, ఏ రకం కీలు వేస్తారు అని ముందే అడగండి. అనుమతి రాకముందే డబ్బు కట్టి చేరొద్దు. వరంగల్ ఎంజీఎంలో, హైదరాబాద్ నిమ్స్‌లో ఎముకల విభాగాలు ఉన్నాయి, రెండో అభిప్రాయానికి అక్కడా చూపించుకోవచ్చు. ఆపరేషన్ అయ్యాక కీలు డబ్బాల మీది స్టిక్కర్లు కేస్ షీట్‌లో అతికిస్తారు, వాటి కాపీ అడిగి తీసుకుని భద్రంగా దాచండి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా మళ్లీ ఆ కీలు ముట్టుకోవాల్సి వస్తే, కంపెనీ ఏదో, సైజు ఎంతో ఆ కాగితమే చెప్తుంది.

పిల్లల గురించి టెన్షన్ పడకండి, మద్యం వల్ల వచ్చిన ఏవీఎన్ వారసత్వంగా రాదు. కుటుంబంలో సికిల్ సెల్ అనే వారసత్వ రక్త జబ్బు ఉంటే మాత్రం వేరే మాట. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు వైపు ఆదివాసీ కుటుంబాల్లో ఆ జబ్బు ఉంది, చిన్న వయసులోనే తుంటి ఎముకను చంపుతుంది. మీ ఇళ్లల్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచి రక్తం తక్కువగా ఉండి, మాటిమాటికి ఒళ్లు నొప్పులు వస్తుంటే మీ ఆయనకూ పిల్లలకూ ఆ రక్తపరీక్ష చేయించండి.

ఇంటికి వచ్చాక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో పట్టేసి ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర తడి ఆగకుండా కారినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి ఎడమ కాలు పొట్టిగా కనిపించి లోపలికి తిరిగిపోయినా తెల్లారేదాకా చూడొద్దు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఆయాసం వస్తే మాత్రం దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి 108లో వెళ్లండి.